పాట వినగానే పాత పుస్తకం ఎందుకు గుర్తొస్తుంది?

ఎప్పుడో చిన్నప్పుడు విన్న పాట ఇన్నేళ్లకు మళ్లీ చెవిన పడుతుంది. పల్లవి పూర్తయ్యేలోగా ఒక పుస్తకం కళ్లముందు నిలుస్తుంది. అట్ట మీది బొమ్మ, ఊడిపోయిన కుట్టు, మధ్య పేజీలో ఎవరి చేతి నూనె మరకో, అన్నీ కనిపిస్తాయి. విచిత్రమేమిటంటే చాలాసార్లు ఆ పాటకీ ఆ పుస్తకానికీ పొంతనే ఉండదు. పాటేమో ప్రేమగీతం, పుస్తకమేమో రాక్షసుల కథ. ఇంకా విచిత్రం, అంత స్పష్టంగా కనిపించిన పుస్తకంలో కథేమిటని ఎవరైనా అడిగితే నాలుగు ముక్కలు కూడా చెప్పలేం.

ఈ అనుభవం గురించి మన మధ్య రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. చూసినవీ చదివినవీ అన్నీ మెదడులో ఎక్కడో భద్రంగానే ఉంటాయి, వాటిని బయటికి తీసే శక్తి సంగీతానికే ఉంది అనేది ఒకటి. అదంతా పాత రోజుల మీద మమకారం అల్లిన ఊహే అనేది రెండోది. జ్ఞాపకశక్తి మీద వందేళ్లకు పైగా సాగుతున్న పరిశోధన ఈ రెండింటిలో దేన్నీ పూర్తిగా ఒప్పుకోదు. పాట నిజంగానే గతాన్ని తెస్తుంది. అయితే చాలాసార్లు అది తెచ్చేది పుస్తకంలోని కథను కాదు, ఆ కథ చదివిన పూటను. ఈ తేడా పట్టుబడితే మిగతా చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

## ఒకే మాట కింద మూడు సంగతులు

"పాట వింటే పుస్తకం గుర్తొచ్చింది" అనే ఒక్క వాక్యంలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. వాటిని ముందు విడదీయాలి.

మొదటిది, పుస్తకంలోంచి పుట్టిన పాట. కథను ఎవరో సినిమాగానో టీవీ ధారావాహికగానో తీశారు, దానికి పాట కట్టారు. పాట వింటే కథ గుర్తుకు రావడంలో వింత లేదు, రెండూ ఒకే చెట్టు కాయలు. రెండోది, పుస్తకంలోనే ఉన్న పాట. వాచకంలోని పద్యం, గేయం, కథ మధ్యలో పాత్ర పాడే చరణం ఇలాంటివి. ఇక్కడ పాటే పుస్తకంలో ఒక భాగం. మూడోది, పుస్తకం చదువుతున్నప్పుడు పక్కన మోగిన పాట. పక్కింటి రేడియోలోనో, పెళ్లిపందిట్లో మైకులోనో వినిపించినది. రెంటినీ కలిపింది కాలమూ చోటూ మాత్రమే.

మూడింటిలోనూ జరిగేది ఒకటే అనుకోవడం వల్లనే గందరగోళం. మొదటి రకంలో కథ వస్తుంది, కానీ తప్పులతో వస్తుంది. రెండో రకంలో అక్షరం పొల్లుపోకుండా వస్తుంది. మూడో రకంలో కథ దాదాపు రాదు, కథ చుట్టూ ఉన్నదంతా వస్తుంది.

## ఆనవాలు ఉంటేనే జ్ఞాపకం

మనసులో ఒక విషయం ఉండటం వేరు, కావలసినప్పుడు అది అందటం వేరు. నోటి చివర ఆడుతూ బయటికి రాని పేరు అందరికీ తెలిసిందే. పేరు ఉంది, దాన్ని అందించే ఆనవాలు లేదు. మొదటి అక్షరం ఎవరైనా చెప్పగానే మిగతాది దానంతట అదే వచ్చేస్తుంది.

ఏది ఆనవాలుగా పనికొస్తుంది? ఎండెల్ టల్వింగ్, డొనాల్డ్ థామ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1973లో చెప్పిన సూత్రం ఇప్పటికీ ఈ చర్చకు ఆధారం. విషయం మనసులోకి వెళ్లేటప్పుడు దానితో కలిసి ఏది లోపలికి వెళ్లిందో, అదే తర్వాత దాన్ని బయటికి తేగలదు. అర్థంలో దగ్గరి సంబంధం ఉండటం ముఖ్యం కాదు, కలిసి నమోదు కావడం ముఖ్యం. ప్రేమపాటకు రాక్షసుల కథ గుర్తుకు రావడంలోని మర్మం ఇదే.

చోటు కూడా ఇలా పనిచేస్తుందా అని చూడటానికి డంకన్ గాడెన్, అలన్ బాడ్లీ 1975లో స్కాట్లాండ్ తీరంలో ఒక ప్రయోగం చేశారు. నీటి అడుగున ఈదే డైవర్లకు కొన్ని మాటల జాబితాలు కొన్నిసార్లు నీళ్లలో, కొన్నిసార్లు ఒడ్డున వినిపించారు. నేర్చుకున్నచోటే అప్పజెప్పినప్పుడు ఎక్కువ మాటలు గుర్తొచ్చాయి. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలన్నీ దీన్నే ఉదాహరణగా చూపాయి. అయితే 2021లో ఇంచుమించు అదే పద్ధతిలో మళ్లీ చేసి చూస్తే ఆ తేడా కనబడలేదు. కాబట్టి చోటు మారితే జ్ఞాపకం మారుతుందనే మాటను ఆ ఒక్క ప్రయోగం మీద నిలబెట్టడం సరికాదు.

సంగీతం విషయానికి వస్తే, 1985లో స్టీవెన్ స్మిత్ చేసిన ప్రయోగం మన మూడో రకానికి బాగా దగ్గరిది. మాటలు నేర్చుకునేటప్పుడు వెనుక సంగీతం మోగింది. రెండు రోజుల తర్వాత అదే సంగీతం మళ్లీ మోగినప్పుడు వాళ్లు తక్కువ మర్చిపోయారు, సంగీతం మారితేనో ఆగిపోతేనో ఎక్కువ మర్చిపోయారు. ఆ సంగీతాన్ని వాళ్లెవరూ పనిగట్టుకుని వినలేదు. వెనకాల ఉంది, అంతే. మనం పుస్తకంలో మునిగిపోయినప్పుడు పక్కన మోగిన రేడియో పాట కూడా అలాగే మన ప్రమేయం లేకుండా నమోదైపోతుంది.

## ఒక పాట, ఒక చందమామ: దగ్గరగా చూస్తే

తెలుగువాళ్లకు ఈ సంగతి చెప్పడానికి "చందమామ" కంటే మంచి ఉదాహరణ దొరకదు. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి దీన్ని తెలుగులోనూ తమిళంలోనూ మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో కన్నుమూసే వరకు కొడవటిగంటి కుటుంబరావు సంపాదక బాధ్యత చూశారు. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, చిత్రా, శంకర్ బొమ్మలు కొన్ని తరాలను పెంచాయి. అదే నాగిరెడ్డి, చక్రపాణి విజయా సంస్థ పేరుతో 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్ తీశారు. అంటే పిల్లల చేతిలో ఉన్న పత్రిక, పెద్దల రేడియోలో మోగే పాట, రెండూ ఒకే లోగిలి నుంచి వచ్చినవి. ఆ ఇంటికి జానపద కథల మీద ఉన్న ప్రేమే రెండు చోట్లా పారింది.

ఇప్పుడు 1960లలో ఒక తొమ్మిదేళ్ల పిల్లను ఊహించుకోండి. వేసవి సెలవులు, మధ్యాహ్నం. పెద్దవాళ్లు నడుం వాల్చారు. వరండాలో చాప మీద బోర్లా పడుకుని కొత్త చందమామ తిరగేస్తోంది. బేతాళ కథ దగ్గర ఆగింది. భుజాన శవం, చేత కత్తి, వెనుక శ్మశానం, శంకర్ వేసిన బొమ్మ. పక్కింట్లో రేడియో, ఘంటసాల, లీల గొంతుల్లో "లాహిరి లాహిరి లాహిరిలో".

ఆ పూట ఆమె మనసులో ఏమేం పడ్డాయి? చాప గీతలు మోచేతికి గుచ్చుకోవడం, కాగితం వాసన, బొమ్మ చూస్తే కలిగిన భయం, ఆ భయంలోని సరదా, పడవ ఊగినట్టు సాగే ఆ పాట నడక. వీటితోపాటు బేతాళుడు చెప్పిన ఆ నెల కథ కూడా పడింది. కానీ కథకు ఒక ఇబ్బంది ఉంది. బేతాళ కథలన్నిటికీ చట్రం ఒకటే. శవం కథ చెబుతుంది, ప్రశ్న అడుగుతుంది, రాజు జవాబిస్తాడు, మౌనం భంగమవుతుంది, శవం తిరిగి చెట్టెక్కుతుంది. ఏళ్ల తరబడి నెలనెలా అదే చట్రంలో చదివాక ఏ నెలలో ఏ కథ అన్నది ఒకదానిలో ఒకటి కలిసిపోతుంది. ఆ మధ్యాహ్నం మాత్రం ఒక్కటే.

యాభై ఏళ్ల తర్వాత ఆ పాట వినపడితే ఆమెకు ముందుగా అందేది ఆ ఒక్కగానొక్క మధ్యాహ్నం. చాప, ఎండ, శంకర్ బొమ్మ. కథ అడిగితే "విక్రమార్కుడు, బేతాళుడు" దగ్గర ఆగిపోతుంది. ఇది ఆమె మతిమరుపు కాదు. పాటతో కలిసి నమోదైనది ఆ పూటే, పాట తిరిగి ఇచ్చిందీ దాన్నే.

ఒక్క వాక్యం మాత్రం ఆమె గడగడా చెప్పేస్తుంది. "పట్టువదలని విక్రమార్కుడు చెట్టు వద్దకు తిరిగి వెళ్లి, చెట్టుపై నుంచి శవాన్ని దించి భుజాన వేసుకుని, ఎప్పటిలాగే మౌనంగా శ్మశానం కేసి నడవసాగాడు." వచనమే అయినా ఇది నెలనెలా మళ్లీ మళ్లీ వచ్చిన పల్లవి. చందమామ చదివి పెరిగిన ఎవరిని కదిపినా ఈ వాక్యం దాదాపు మాట తప్పకుండా వస్తుంది. మళ్లీ మళ్లీ రావడమూ, ఒక లయలో రావడమూ ఎంత పని చేస్తాయో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

## చిన్ననాటి పాటలకే ఆ బలం ఎందుకు?

పెద్దవాళ్లను జీవితంలో గుర్తున్న సంఘటనలు చెప్పమంటే సుమారు పదో ఏటి నుంచి ముప్ఫయ్యో ఏటి మధ్య జరిగినవి ఎక్కువగా చెబుతారు. పాటల విషయంలోనూ ఇదే వరస. మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే జరగడం, నేనెవరు అనే ఊహ అప్పుడే రూపు కట్టడం ఇందుకు కారణాలని కొందరు అంటారు. ఆ వయసులో మెదడే ఎక్కువ చురుకుగా నమోదు చేస్తుందని మరికొందరు అంటారు. బహుశా రెండూ ఉన్నాయి.

మరి మనం పుట్టకముందటి పాటలకు ఈ బలం ఎక్కడిది? 1990లలో పెరిగిన తెలుగువాళ్లకు ఘంటసాల పాటతో బాల్యం గుర్తుకు రావడం సర్వసాధారణం. కానీ ఘంటసాల 1974లోనే వెళ్లిపోయారు. కరోల్ క్రమ్‌హాన్స్‌ల్, జస్టిన్ జుప్నిక్ 2013లో ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబు చెబుతుంది. ఇరవై ఏళ్ల వయసువాళ్లకు 1955 నుంచి వచ్చిన జనాదరణ పాటలు వినిపించారు. తమ కాలపు పాటలతోపాటు, అమ్మానాన్నలు యవ్వనంలో ఉన్నప్పటి పాటలకు కూడా వాళ్లలో సొంత జ్ఞాపకాలు ఎక్కువగా కదిలాయి. ఇంకా వెనక్కి వెళ్తే 1960ల పాటలకూ ఆ ఛాయ కనిపించింది. ఇంట్లో పెద్దవాళ్లు పెట్టుకున్న పాట పిల్లల బాల్యంలో భాగమైపోతుంది. నాన్న క్యాసెట్ పెడితే కూతురు పక్కనే కూర్చుని బొమ్మల రామాయణం చదివింది. పాట ఆయనది, జ్ఞాపకం ఈమెది. అమెరికాలో కారు వెనక సీట్లో కూర్చుని అమ్మానాన్నల పాటలు వింటూ పెరిగిన తెలుగు పిల్లలకూ ఇదే వర్తిస్తుంది.

మెదడులో ఏం జరుగుతుందో చూసినవాళ్లలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన పీటర్ జనాటా పేరు తరచూ వినిపిస్తుంది. విద్యార్థులకు వాళ్ల ఎనిమిదో ఏటి నుంచి పద్దెనిమిదో ఏటి దాకా వచ్చిన పాటల ముక్కలు వినిపిస్తూ మెదడును స్కాన్ చేసి 2009లో ఫలితాలు ప్రచురించారు. నుదుటి వెనుక మధ్య భాగంలో ఒక ప్రాంతం ఉంది. సొంత జీవితంతో ముడిపడ్డ పాట వచ్చినప్పుడు ఆ ప్రాంతం చురుకైంది, పైగా పాట స్వరం కదులుతున్న తీరును అనుసరిస్తూ చురుకైంది. సంగీతమూ సొంత కథా అక్కడ కలుసుకుంటున్నాయని ఆయన వాదన. అల్జీమర్స్ వ్యాధిలో ఆ ప్రాంతం మిగతావాటికంటే ఆలస్యంగా దెబ్బతింటుంది. మనవడి పేరు మర్చిపోయిన తాతగారు పాత పాట అందుకుని చరణంతో సహా పాడటానికి ఇది ఒక కారణం కావచ్చు.

ఇక్కడ ఒక అంకె మర్చిపోకూడదు. జనాటా బృందం 2007లో చేసిన అధ్యయనంలో, వినిపించిన పాటల్లో సుమారు 30 శాతమే సొంత జ్ఞాపకాలను కదిలించాయి. మిగతావి ఊరికే పాటలుగా మిగిలిపోయాయి. ఏ పాత పాట విన్నా బాల్యం కళ్లకు కట్టాలని లేదు. కట్టినవే మనకు గుర్తుంటాయి కాబట్టి అన్నీ అలాగే చేస్తాయని అనిపిస్తుంది.

## పద్యం వేరే దారి

రెండో రకానికి, అంటే పుస్తకంలోనే ఉన్న పాటకు వద్దాం. ఇక్కడ తెలుగువాళ్ల దగ్గర ఉన్నంత సంపద చాలా భాషల దగ్గర లేదు. ప్రాథమిక పాఠశాలలో వేమన పద్యం రాగం తీసి చదవని తరం లేదు.

1994లో వాండా వాలెస్ అనే పరిశోధకురాలు పాటగా విన్న మాటలు, మామూలుగా చదివి వినిపించిన మాటలకంటే బాగా గుర్తుంటాయా అని పరీక్షించారు. ఉంటాయని తేలింది, కానీ ఒక షరతు మీద. అదే వరస అనేక చరణాలకు తిరిగి వచ్చినప్పుడే లాభం కనిపించింది. ఒకే ఒక్క చరణం వినిపిస్తే వరస వల్ల ఒరిగిందేమీ లేదు. వినేవాడికి వరస ముందుగా వంటబట్టాలి, ఆ తర్వాతే అది మాటలను మోస్తుంది. ఎన్ని వేమన పద్యాలైనా ఒకే ఆటవెలది నడకలో, ఒకే మకుటంతో చదివించిన మన బడిపంతుళ్లకు ఈ సంగతి ప్రయోగం లేకుండానే తెలుసు.

డేవిడ్ రూబిన్ 1995లో మౌఖిక సంప్రదాయాల మీద రాసిన గ్రంథంలో ఇంకో అడుగు ముందుకు వేశాడు. లయ, ప్రాస, అర్థం, బొమ్మ, ఇవి ఒక్కొక్కటీ విడిగా బలహీనమైన ఆనవాళ్లే. కానీ అన్నీ కలిసి ఒకే చోటును చూపిస్తే అక్కడ పట్టే మాట ఒక్కటే మిగులుతుంది. మన పద్యంలో దీన్ని కళ్లారా చూడవచ్చు.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

రెండో పాదంలో "జాడ" మర్చిపోయారనుకుందాం. "చూడ చూడ రుచుల ... వేరు." అక్కడ "తీరు" అనో "గతి" అనో ఎందుకు పెట్టుకోలేం? అర్థం ఇంచుమించు సరిపోతుంది. కానీ చెవి ఒప్పుకోదు. "చూడ"తో ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పొంతన, కలవాలంటే రెండో అక్షరం "డ" కావాలి, రాగంలో పట్టే కాలమూ అంతే ఉండాలి. ఛందస్సు పేరు కూడా తెలియని పిల్లవాడు సైతం తడుముకుంటూ "జాడ" దగ్గరికే చేరతాడు. మూడో పాదంలో "పురుషులందు"కు "పుణ్య పురుషులు" యతి కుదిర్చి పట్టుకుంటుంది. ఇక నాలుగో పాదం మర్చిపోవడానికే వీల్లేదు. ఇలా పద్యం తనను తానే కాపాడుకుంటుంది.

అందుకే పద్యం ద్వారా వాచకం గుర్తొచ్చినప్పుడు రెండూ వస్తాయి. అక్షరాలు ఛందస్సు దారిలో వస్తాయి. పేజీలో పద్యం కింద ఉన్న బొమ్మ, క్లాసులో అందరూ కలిసి అరిచిన రాగం, పక్కవాడి మోచెయ్యి పూట దారిలో వస్తాయి. వచన పాఠాలకు ఈ భాగ్యం లేదు. ఐదో తరగతి వాచకంలో వచన పాఠం ఒక్కటైనా నాలుగు వాక్యాలు వరసగా చెప్పగలవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. పద్యాలు చెప్పేవాళ్లు మాత్రం ఏ పెళ్లిలో చూసినా ఉంటారు.

## మోగ్లీ పాట: గుర్తొచ్చింది ఏ కథ?

1990ల మొదట్లో దూరదర్శన్ చూసి పెరిగినవాళ్లకు "జంగల్ జంగల్ బాత్ చలీ హై" అనగానే ఆదివారం పొద్దున వచ్చేస్తుంది. గుల్జార్ రాయగా విశాల్ భరద్వాజ్ బాణీ కట్టిన పాట అది. జపాన్‌లో తయారైన 52 భాగాల బొమ్మల ధారావాహికకు హిందీలో జోడించినది. మూల కథ రడ్యార్డ్ కిప్లింగ్ 1894లో అచ్చువేసిన "జంగిల్ బుక్", అడవిలో తోడేళ్ల మధ్య పెరిగిన మోగ్లీ అనే పిల్లవాడి కథ. మధ్యప్రదేశ్‌లోని సివనీ అడవుల కథను ఆయన అమెరికాలోని వెర్మాంట్‌లో కూర్చుని రాశాడు.

ఈ పాట వినగానే "జంగిల్ బుక్ గుర్తొచ్చింది" అంటారు. ఏ జంగిల్ బుక్? కిప్లింగ్ పుస్తకం ఉంది, 1967 నాటి డిస్నీ బొమ్మల సినిమా ఉంది, దూరదర్శన్ ధారావాహిక ఉంది, బొమ్మల సంక్షిప్త పుస్తకాలు ఉన్నాయి. 2016లో డిస్నీ కొత్త సినిమా వచ్చినప్పుడు ఇదే పాటను హిందీలో మళ్లీ పాడించి విడుదల చేశారు. ఇన్నీ ఒకే పేరు కింద కలిసిపోయాయి.

కొండచిలువ "కా" సంగతే తీసుకోండి. చాలామందికి అది మోగ్లీని మాయచేసి మింగబోయిన దుష్టపాత్రగా గుర్తు. పుస్తకంలో కా మోగ్లీకి మిత్రుడు. కోతులు మోగ్లీని ఎత్తుకుపోతే ఎలుగుబంటి బాలూ, నల్ల చిరుత బఘీరా కా సాయం కోరి వెళ్తారు, పిల్లవాణ్ని విడిపించింది అదే. మింగబోయింది డిస్నీ సినిమాలో. కోతుల రాజు కూడా ఆ సినిమాలోవాడే. కిప్లింగ్ కోతులకు రాజే ఉండడు, నాయకుడు లేని గుంపు కావడమే వాటి లోపమని పుస్తకం చెబుతుంది. షేర్ ఖాన్ అనే పులి చావు సరే సరి. పుస్తకంలో మోగ్లీ దున్నల మందను లోయలోకి తోలి దాన్ని తొక్కిస్తాడు. సినిమాలో పులి తోకకు కట్టిన మంటతో పారిపోతుంది.

ఒక జ్ఞాపకం గుర్తుండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో మర్చిపోవడాన్ని మార్సియా జాన్సన్ బృందం 1990లలో వివరంగా అధ్యయనం చేసింది. విషయమూ, దాని మూలమూ విడివిడిగా నిలుస్తాయి, మూలం ముందుగా చెరిగిపోతుంది. కథలోని ఖాళీలను మనసు తనకు తెలిసినదానితో పూరించుకుంటుందని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లోనే చూపించాడు. ఆయన కేంబ్రిడ్జి విద్యార్థులు అమెరికా ఆదివాసీల కథ ఒకటి చదివి కొన్నాళ్లకు తిరిగి చెబితే, అందులోని డోంగీలు మామూలు పడవలయ్యాయి, సీల్ వేట చేపలు పట్టడంగా మారింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. అలాగే గుర్తుంది.

దీన్ని బట్టి మమకారం అల్లిన ఊహే అనేవాళ్ల వాదనకు బలముందని ఒప్పుకోవాలి. పాట వినగానే కలిగే ఉద్వేగం జ్ఞాపకం నిజమనే నమ్మకాన్ని పెంచుతుంది, కానీ నమ్మకం పెరిగినంత మాత్రాన వివరం నిజం కాదు. అలాగని మొత్తం కొట్టిపారేయడమూ తప్పే. ఆదివారం పొద్దున టీవీ ముందు కూర్చున్నది నిజం, ఆ ఆనందం నిజం. తప్పు వచ్చింది కా పాత్ర దగ్గర.

## సంగీతానికి నిజంగా ప్రత్యేకత ఉందా?

వాసన, రుచి, ముఖం, ఫొటో, ఇవన్నీ ఆనవాళ్లే. పాత పుస్తకం వాసన చాలు అనేవాళ్లూ ఉన్నారు. ఆమీ బెల్ఫీ బృందం 2016లో పాటలనూ, ప్రసిద్ధుల ముఖాలనూ పోల్చి చూసింది. ఫలితం రెండు పక్షాలకూ తలో ముక్క ఇచ్చింది. ముఖాలు ఎక్కువ జ్ఞాపకాలను కదిలించాయి. కానీ పాటలు కదిలించిన జ్ఞాపకాల్లో వివరం ఎక్కువ ఉంది. ఎక్కడ, ఎవరితో, ఎలా అనిపించింది అన్నవి పాటతో వచ్చినంత దట్టంగా ముఖంతో రాలేదు.

పాటకు ఇంకో సౌకర్యం ఉంది, అది మారదు. ఇల్లు అమ్ముడుపోతుంది, చాప చిరిగిపోతుంది, మనుషులు ముసలివాళ్లవుతారు. రికార్డు చేసిన పాట మాత్రం ఆ గొంతుతో, ఆ ఊపిరితో, ఆ వాద్యాలతో అలాగే తిరిగి వస్తుంది. ఆనవాలు ఎంత యథాతథంగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది కదా. రీమిక్స్ విన్నప్పుడు ఆ మధ్యాహ్నం సగమే రావడానికి కారణం ఇదే అని నా నమ్మకం.

కానీ ఇదే సౌకర్యం పాటను అరగదీస్తుంది కూడా. ఒక ఆనవాలుకు ఎన్ని ఎక్కువ సంగతులు తగులుకుంటే, వాటిలో ఏ ఒక్కదాన్నైనా తెచ్చే బలం దానికి అంత తగ్గుతుందని 1975లోనే మైఖేల్, ఓల్గా వాట్కిన్స్ చూపించారు. చిన్నప్పుడు విని, తర్వాత ముప్ఫై ఏళ్లు వినని పాట ఒక్కసారిగా వరండాను తెచ్చి పెడుతుంది. రోజూ ఫోన్‌లో పెట్టుకుని వింటే అది బస్సు ప్రయాణాన్ని, ఆఫీసును, వంటింటిని కూడా తగిలించుకుంటుంది, వరండా అడుగున పడిపోతుంది. మాయాబజార్ 2010లో రంగుల్లో విడుదలైంది. ఆ హాల్లో కూర్చుని "లాహిరి" విన్నవాళ్లకు ఆ పాటకు కొత్త జ్ఞాపకం ఒకటి చేరింది. పాత పాటలు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరకడం గొప్ప వరమే, కానీ ఈ ఒక్క విషయంలో దానికి చెల్లించే ధర ఉంది.

## మనిషితో పోయే బంధం, తరానికి అందే బంధం

బెంగాల్‌లో ఉపేంద్రకిశోర్ రాయ్‌చౌధురి 1913లో "సందేశ్" అనే పిల్లల పత్రిక పెట్టారు. గూపీ, బాఘా అనే ఇద్దరి కథను 1915లో అందులో రాశారు, అదే ఏడాది కన్నుమూశారు. ఒకడికి పాట రాదు, ఇంకొకడికి డోలు రాదు, ఊరివాళ్లు తరిమేస్తే దయ్యాల వరంతో గొప్ప వాద్యగాళ్లవుతారు. ఉపేంద్రకిశోర్ మనవడు సత్యజిత్ రాయ్ 1961లో సందేశ్‌ను మళ్లీ మొదలుపెట్టి, 1969లో ఆ కథను సినిమాగా తీశారు. పాటలు రాసి, బాణీలు కట్టింది కూడా ఆయనే. గూపీకి అనుప్ ఘోషాల్ పాడారు. 1915లో సందేశ్ చదివిన పిల్లలు అప్పటికి వృద్ధులు. ఆ పత్రికను ఎన్నడూ చూడని బెంగాలీ పిల్లలకు కూడా ఇప్పుడు ఆ పాట వినగానే ఆ కథ వస్తుంది.

ఇది మన మొదటి రకం. కథ పాటలోనే ఉంది కాబట్టి, పాట ఎవరు విన్నా కథ అందుతుంది. వివరాలు మారవచ్చు, కా పాత్రలాగే. కానీ దారి ఉంటుంది, ఆసక్తి ఉన్నవాళ్లు ఆ దారిలో వెనక్కి వెళ్లి అసలు పుస్తకం తెరుస్తారు. పద్యానికీ అంతే. ఉప్పు కప్పురం ఎన్ని తరాలు దాటినా ఉప్పు కప్పురమే.

చందమామకూ విజయా వారి పాటకూ ఉన్న బంధం అలాంటిది కాదు. "లాహిరి"లో విక్రమార్కుడు లేడు, బేతాళుడు లేడు. ఆ రెంటినీ కలిపింది ఆ పిల్ల పడుకున్న వరండా ఒక్కటే. చందమామ అచ్చు కావడం 2010లలోనే ఆగిపోయింది. పాట ఇంకా వందేళ్లు మోగుతుంది, దానికి సందేహం లేదు. కానీ ఆ పాట వినగానే బేతాళ కథ పేజీ కనిపించేవాళ్లు, నెలనెలా సంచిక కోసం ఎదురుచూసిన ఆ కొన్ని తరాలవాళ్లే. వాళ్ల పిల్లలకు ఆ పేజీని పాట అందించలేదు, ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాల్సిందే.